పద్నాలుగేళ్ల అమ్మాయితో ‘ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ చూడొచ్చా? చూడండి, కానీ బ్రయాన్ సీనుకి సిద్ధపడి కూర్చోండి

మీరు అడిగింది ఇదీ: అమ్మాయికి పద్నాలుగేళ్లు, డాలస్ దగ్గర ఈ ఏడాదే తొమ్మిదో క్లాసులో చేరింది. తొంభైల్లో ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో రూమ్మేట్లతో కలిసి చూసిన ‘ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ మీకు ఇప్పటికీ ఇష్టం, దాన్ని అమ్మాయితో కూర్చుని చూడాలని ఉంది. మీ ఆవిడేమో అది ఆర్ రేటింగ్ సినిమా, అందులో గంజాయి ఉంది, బూతులు ఉన్నాయి, వద్దంటున్నారు. చూపించొచ్చా, చూపిస్తే ఆ సీన్లు వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?

చూపించండి. నేను న్యూజెర్సీలో ఒక పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. నా పిల్లలిద్దరూ ఆ వయసు దాటి కాలేజీలకి వెళ్లిపోయారు, వాళ్లతో ఈ సినిమా చూశాను, స్కూల్లో పిల్లలు దీని గురించి వాదించుకోవడం కూడా చాలాసార్లు విన్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. అసలు మాట ముందే చెప్పేస్తాను. మీరూ మీ ఆవిడా టెన్షన్ పడుతున్న సీన్లు వేరు, మన ఇళ్లలో నిజంగా తగిలే సీను వేరు. ఆ రెండోదాని గురించి మీ ప్రశ్నలో ఒక్క ముక్క కూడా లేదు, చాలామంది తల్లిదండ్రుల ప్రశ్నల్లోనూ ఉండదు.

ముందు రేటింగ్ సంగతి తేల్చేద్దాం, మీ ఆవిడకి జవాబు కావాలి కాబట్టి. ఆర్ అంటే పదిహేడేళ్ల లోపు పిల్లలు చూడకూడదని అర్థం కాదు, తల్లిదండ్రులో ఎవరో పెద్దవాళ్లో పక్కన ఉండి చూడాలని. మీరు చేద్దామనుకుంటున్నది సరిగ్గా అదే. ఈ సినిమాకి ఆర్ రావడానికి పెద్ద కారణం భాష. ఐదుగురు పిల్లలూ నోరు తెరిస్తే తిట్లే, మీ అమ్మాయి స్కూల్ బస్సులో రోజూ వినేవే. గంజాయి తాగే సీను ఒకటుంది. సెక్స్ గురించి మాటలున్నాయి. బట్టల్లేని సీను లేదు, కొట్టుకు చచ్చే హింస లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పదమూడేళ్ల లోపు పిల్లల విషయంలో జాగ్రత్త అని చెప్పే పీజీ-13 అనే రేటింగే 1984 జులై దాకా లేదు. దానికి ముందు వచ్చిన సినిమాలకి పీజీ, అంటే పెద్దల సలహాతో చూడొచ్చని, వేశారంటే పిల్లలకి పర్లేదని నమ్మడానికి లేదు. ఇదే డైరెక్టర్ జాన్ హ్యూస్ తీసిన ‘సిక్స్‌టీన్ క్యాండిల్స్’ 1984 మేలో పీజీతో వచ్చింది. అందులో స్నానాల గదిలో అమ్మాయి ఒంటిని చూపిస్తారు, చైనా నుంచి చదువుకోడానికి వచ్చినట్టు చూపించే కుర్రాడు తెర మీదకి వచ్చినప్పుడల్లా వెనక గంట కొట్టి నవ్విస్తారు, తాగి ఒళ్లు తెలియని అమ్మాయిని ఆమె బాయ్‌ఫ్రెండే ఇంకో కుర్రాడి చేతిలో పెట్టి కారు తాళాలిచ్చి పంపేస్తాడు, అదంతా కామెడీ కింద నడిచిపోతుంది. ఒకే డైరెక్టర్ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే, పీజీ వచ్చినదాని కంటే ఆర్ వచ్చినదే పద్నాలుగేళ్ల పిల్లతో చూడడానికి ఎంతో నయం. రేటింగ్ చూసి నిర్ణయం తీసుకునే అలవాటు పాత సినిమాల దగ్గర పనికిరాదు, ఎవరో ఒకరు కూర్చుని ముందుగా చూడాల్సిందే.

ఆ చూడ్డం మీరిద్దరూ కలిసి చూడండి, పిల్ల నిద్రపోయాక. గంటా ముప్పై ఏడు నిమిషాలే. పాతికేళ్ల కిందట రూమ్మేట్లతో చూసినది మీ బుర్రలో ఉన్న సినిమా, తెర మీద ఉన్నది వేరే. నాకు తెలిసిన ప్రతి పెద్దమనిషికీ ఇందులో పాట గుర్తుంటుంది, చివర్లో బెండర్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ మైదానం దాటుతూ పిడికిలి పైకెత్తడం గుర్తుంటుంది, మధ్యలో ఎవరు ఎవరిని ఎంత ఏడిపించారో మాత్రం గుర్తుండదు. మీ ఆవిడ ఈ సినిమా చూడలేదని మీ ప్రశ్న చదివితే అనిపించింది. చూడని సినిమా గురించి మీ ఇద్దరూ వాదించుకోవడం కంటే ఒక శుక్రవారం రాత్రి చూసేస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. చూశాక కూడా ఆవిడ వద్దంటే ఆ మాటకి విలువివ్వండి, ఏడాది ఆగండి, సినిమా ఎక్కడికీ పోదు.

తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. 1984 మార్చి 24, శనివారం. ఇలినాయ్‌లో షెర్మర్ అనే కల్పిత ఊళ్లో హైస్కూలు. ఐదుగురు పిల్లలు శిక్షగా రోజంతా లైబ్రరీలో కూర్చోవాలి, ఎవరితో ఎవరికీ స్నేహం లేదు. కుస్తీ ఆడే ఆండ్రూ, డబ్బున్నవాళ్ల పిల్ల క్లెయిర్, ఎవరితోనూ మాట్లాడని ఆలిసన్, రౌడీ అని పేరుపడ్డ బెండర్, చదువుల బ్రయాన్. తాము ఎవరో చెప్తూ వెయ్యి పదాల వ్యాసం రాయాలి. అంతే కథ. సినిమా దాదాపు మొత్తం ఒక్క గదిలోనే నడుస్తుంది. షికాగో దగ్గర డెస్ ప్లెయిన్స్‌లో మూతపడ్డ మెయిన్ నార్త్ అనే స్కూల్లో తీశారు, ఆ లైబ్రరీ సెట్‌ని అక్కడి జిమ్‌లో వేశారు. 1985 ఫిబ్రవరిలో విడుదలైంది. 2016లో అమెరికా ప్రభుత్వ లైబ్రరీ దాచిపెట్టాల్సిన సినిమాల జాబితాలో చేర్చింది.

ఒక్క గదిలో మాటలతో నడిచే సినిమా కాబట్టి మీ అమ్మాయికి మొదటి అరగంట బోరు కొట్టొచ్చు. అప్పుడు బతిమాలకండి. “ఆగు, ముందు బాగుంటుంది” అని రెండుసార్లు అన్నారంటే అది మీ సినిమా అయిపోతుంది, తను మీ కోసం భరించడం మొదలుపెడుతుంది. సబ్‌టైటిల్స్ పెట్టండి, ఈ పిల్లలందరూ సబ్‌టైటిల్స్‌తోనే చూస్తారు. ఫోన్ చేతిలో ఉంటే ఉండనివ్వండి. తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లు పడుకున్నాక చూడండి, ఊరి నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటే వాళ్లు వెళ్లాక చూడండి. తాతయ్య పక్కన కూర్చుని ఈ డైలాగులు వినడం ఆ పిల్లకి నరకం.

ఇక ఇబ్బంది సీన్లు. మన ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. తెర మీద ముద్దు సీను రాగానే నాన్న మంచినీళ్లకి లేస్తాడు, అమ్మ ఫోన్ తీస్తుంది, ఎవరో ఒకరు రిమోట్ వెతుకుతారు. మనమందరం అలాగే పెరిగాం. పిల్ల దాన్ని చూసి ఏం అర్థం చేసుకుంటుందో ఆలోచించండి. ఇలాంటి విషయం ఈ ఇంట్లో ఎత్తితే అందరూ లేచి వెళ్లిపోతారు అని. రేపు స్కూల్లో ఎవడో తన ఫోటో ఒకటి అడిగినప్పుడు, లేదా అడగకుండానే ఏదో పంపినప్పుడు, తను ఎవరి దగ్గరకి వెళ్లాలి? నా ఆఫీసుకి వచ్చే పిల్లల్లో చాలామంది మొదట చెప్పే మాట “ఇంట్లో చెప్పొద్దు” అనే. అందుకని లేవకండి. దగ్గకండి. ఆపి లెక్చరు ఇవ్వకండి. మామూలుగా కూర్చోండి, ఇబ్బందిగా ఉంటే ఇబ్బందిగానే కూర్చోండి, అది తనకీ తెలుస్తుంది, ఏం కాదు.

వాటిలో ఒక సీను గురించి మాత్రం వివరంగా రాయాలి. బెండర్ వైస్ ప్రిన్సిపాల్ కంట పడకుండా టేబుల్ కింద దాక్కుంటాడు, అక్కడ క్లెయిర్ స్కర్టులోకి చూస్తాడు, అంతకంటే ఎక్కువే చేశాడని సినిమా సూచిస్తుంది. క్లెయిర్‌గా నటించిన మాలీ రింగ్‌వాల్డ్ 2018లో ‘న్యూయార్కర్’ పత్రికలో ఒక వ్యాసం రాసింది, పదేళ్ల తన కూతురితో కలిసి ఈ సినిమా చూడాల్సి వచ్చినప్పుడు తనకి ఏమనిపించిందో. షూటింగ్ నాటికి ఆమెకి పదహారేళ్లే, అందుకని ఆ షాట్‌కి పెద్దావిడ ఎవరినో పెట్టి తీశారట. ఆమె బాధ ఆ ఒక్క షాట్ గురించి మాత్రమే కాదు. సినిమా మొత్తం బెండర్ క్లెయిర్‌ని మాటలతో పొడుస్తూనే ఉంటాడు, ఒక్కసారి కూడా క్షమించమని అడగడు, అయినా చివరికి ఆ అమ్మాయి అతనికే దక్కుతుంది. ఈ సినిమాని ప్రేమించేవాళ్లందరూ చదవాల్సిన వ్యాసం అది, ఎందుకంటే ఆమె దాన్ని తిట్టి అవతల పారెయ్యదు. తనకి జీవితాన్నిచ్చిన డైరెక్టర్ని గౌరవిస్తూనే ఇది తప్పు అని రాసింది.

మీరు తండ్రి కాబట్టి ఆ సీను గురించి మీ నోటి నుంచి ఒక్క మాట రావడం ముఖ్యం. సినిమా అయ్యాక, అక్కడే కాకపోతే మర్నాడు, “వాడు టేబుల్ కింద చేసింది నాకు అప్పట్లో తట్టలేదు, ఇప్పుడు చూస్తే చాలా తప్పుగా ఉంది” అన్నా చాలు. అక్కడితో ఆపెయ్యండి. తండ్రి ఆ మాట అనగా విన్న అమ్మాయికి అవసరమైనప్పుడు అది గుర్తుంటుంది. క్లెయిర్ తన వజ్రం చెవిపోగు తీసి బెండర్‌కి ఎందుకిచ్చింది అనేది కూడా అమ్మాయిలు బాగా వాదించే విషయమే. మా స్కూల్లో కొందరు అది ప్రేమ అంటారు, కొందరు వాళ్ల నాన్న మీద కోపంతో అంటారు. మీ అమ్మాయి ఏమంటుందో వినండి, మీ అభిప్రాయం అడిగితేనే చెప్పండి.

గంజాయి సీను గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఇవాళ స్కూళ్లలో అసలు బెడద జేబులో పట్టే వేప్ పెన్నులు, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్లు, వాసన కూడా పెద్దగా రాదు. మీ ఇంట్లో రూలు ఏమిటో మీ అమ్మాయికి ఈపాటికి తెలిసే ఉంటుంది, తెలియకపోతే ఇదే మంచి వంక, ఒక వాక్యంలో చెప్పెయ్యండి. దాంతో పాటు ఇంకో వాక్యం కూడా చెప్పండి: ఎక్కడైనా ఇరుక్కుంటే, ఎంత రాత్రయినా, ఎవరు ఏం తాగి ఉన్నా, నాకు ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్తాను, ఆ రాత్రి ప్రశ్నలు అడగను. చెప్పాక ఆ మాట నిలబెట్టుకోవాలి మరి.

చివర్లో క్లెయిర్ కూర్చోబెట్టి ఆలిసన్ కాటుక తుడిచి, జుట్టు దువ్వి, తయారు చేస్తుంది, అప్పుడు ఆండ్రూకి ఆమె నచ్చుతుంది. మీ తరంలో చాలామందికి అది ముచ్చటైన సీను. మీ అమ్మాయికి ఒళ్లు మండే అవకాశం ఎక్కువ. నల్ల బట్టల్లో ఉన్నప్పుడే బాగుంది కదా, ఎందుకు మార్చారు అని మా పిల్లలు గట్టిగా దెబ్బలాడతారు. నేను వాళ్ల పక్షమే.

ఇప్పుడు బ్రయాన్.

సినిమా మొదటి ఐదు నిమిషాలు జాగ్రత్తగా చూడండి. బెండర్‌ని తప్ప ఒక్కొక్కరినీ ఇంట్లోవాళ్లు కార్లలో తెచ్చి దింపుతారు. బ్రయాన్ వాళ్ల కారు నంబరు ప్లేటు మీద ఐన్‌స్టీన్ సూత్రం ఉంటుంది. వాళ్లమ్మ వాడితో అనే మాటల సారాంశం ఏమిటంటే, ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి కావాలి, లోపల కూర్చున్న టైము వృథా చెయ్యకుండా చదువుకో. అక్కడ చదువుకోనివ్వరమ్మా, ఊరికే కూర్చోవాలి అని వాడు చెప్తే, ఎలాగో ఒకలాగ చదువుకునే దారి చూసుకో అంటుంది. ముందు సీట్లో చిన్న చెల్లెలు కూడా వంత పాడుతుంది. తెలుగువాళ్లతో కూర్చుని చూసినప్పుడల్లా ఇక్కడ గది నిండా నవ్వులు. ఆ తల్లి గొంతు మనకి అంత బాగా తెలుసు.

వాడు అక్కడికి ఎందుకొచ్చాడో చాలాసేపు చెప్పడు. చివరి భాగంలో ఐదుగురూ నేల మీద గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు బయటపడుతుంది. చేతిపని క్లాసులో ఏనుగు బొమ్మ దీపం చెయ్యాలి, తొండం లాగితే వెలగాలి. వాడిది వెలగలేదు. ఎఫ్ వచ్చింది, అంటే ఫెయిల్. మిగతా సెమిస్టరంతా ఎంత బాగా చేసినా బీ దాటదు. ఎఫ్ నాకు పనికిరాదు, మా అమ్మానాన్నలకీ పనికిరాదు అంటాడు. చివరికి తెలిసేదేమిటంటే వాడి లాకర్లో తుపాకీ దొరికింది. తీరా చూస్తే అది ప్రమాదంలో ఉన్నవాళ్లు ఆకాశంలోకి వెలుగు పేల్చే తుపాకీ, లాకర్లోనే పేలింది. అది విని అందరూ నవ్వేస్తారు, చివరికి వాడూ నవ్వేస్తాడు. కానీ వాడు దాన్ని ఎందుకు తెచ్చుకున్నాడో అక్కడున్న అందరికీ తెలుసు. చచ్చిపోవడం అనేది దారి కాదు అని క్లెయిర్ వాడితో అంటుంది కూడా.

ఈ సీను 1985లో ఒకలా ఉండేది, ఇప్పుడు ఇంకోలా ఉంటుంది. మీ అమ్మాయి తరం కిండర్‌గార్టెన్ నుంచి లాక్‌డౌన్ డ్రిల్లులు, అంటే స్కూల్లోకి ఎవరైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో సాధన, చేస్తూ పెరిగింది, లైటు తీసేసి మూల కూర్చోవడం వాళ్లకి చిన్నప్పటి జ్ఞాపకం. లాకర్లో తుపాకీ అనగానే నవ్వడం వాళ్లకి మింగుడు పడదు. 1999లో కొలంబైన్ హైస్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత ఏ స్కూల్లోనూ అది శనివారం డిటెన్షన్‌తో పోయే విషయం కాదు, పోలీసులు వస్తారు. మీ అమ్మాయి అక్కడ బిగుసుకుపోతే అందుకే అని తెలుసుకోండి.

కానీ నేను సిద్ధపడమన్నది దాని కోసం కాదు. ఒక్క గ్రేడు. చదువులో ఎప్పుడూ ముందుండే పిల్లాడికి ఒక్క చిన్న క్లాసులో ఒక్క ఎఫ్, దానితో ప్రాణం తీసుకుందామన్నంత దూరం వెళ్లాడు, ఇంట్లో ఎవరికీ తెలియదు. వాడి తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. వాడిని కొట్టరు, తాగరు, పొద్దున్నే లేచి కార్లో దింపుతారు. బెండర్‌ని వాళ్ల నాన్న సిగార్‌తో కాలుస్తాడు, ఆ మచ్చ చూసి మనం చలించిపోతాం, బ్రయాన్ కథ దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఇది మామూలే కదా అనిపిస్తుంది, ఎందుకంటే అది మన ఇల్లు.

నా దగ్గరకి వచ్చే మన పిల్లల్లో, తెలుగువాళ్లయినా గుజరాతీలయినా, చెడు అలవాట్లతో వచ్చేవాళ్లు తక్కువ. పోర్టల్‌లో గ్రేడు పడిన క్షణంలో చేతులు వణికేవాళ్లే ఎక్కువ. తొమ్మిదో క్లాసు వాళ్లలో ఇది మరీ ఉంటుంది, ఎందుకంటే ఇక్కడి నుంచి ప్రతి గ్రేడూ కాలేజీ దరఖాస్తులో కనిపిస్తుంది. టెక్సస్‌లో ఇంకో మెలిక ఉంది. క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయమని 1997లో చట్టం వచ్చింది, ఆస్టిన్ క్యాంపస్‌కైతే ఆ గీత ఇంకా పైన ఉంటుంది. ఊళ్లోవాళ్ల పిల్లలందరూ ఒకే స్కూల్లో, కాలేజీ స్థాయిలో ఉండే ఒకే ఏపీ క్లాసుల్లో, ఒకే ర్యాంకు కోసం. వారాంతం పార్టీల్లో పెద్దవాళ్ల మాటలూ అవే. మనం ఎంసెట్ ర్యాంకుల కోసం చదివి వచ్చినవాళ్లం, మనకి ఇదంతా ఒత్తిడిలాగే కనిపించదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో ఎలాంటి వార్తలుంటాయో కూడా చూసి వచ్చినవాళ్లమే, అది మాత్రం మర్చిపోతాం.

ఇందాక చెప్పిన రింగ్‌వాల్డ్ కూతురు సినిమా అయ్యాక తనకి దగ్గరగా అనిపించింది బ్రయానే అని చెప్పిందట. తల్లి హాలీవుడ్‌లో పేరున్న నటి, కూతురేమో మార్కుల ఒత్తిడి పడే కుర్రాడిలో తనని చూసుకుంది. తల్లి తన తీరు గురించి ఆలోచించుకోవాల్సి వచ్చింది. మీ అమ్మాయి కూడా ఆ మాటే అంటే మీరు ఏమంటారు? ఇది సినిమా పెట్టకముందే ఆలోచించుకోవాలి, నేను సిద్ధపడమన్నది దీనికే. అప్పటికప్పుడు మన నోట్లోంచి వచ్చే మాటలు నాకు తెలుసు. “మేం నిన్ను ఎప్పుడైనా మార్కులు మార్కులు అని చంపామా?” అనేస్తాం. “వాడికంటే నువ్వు చాలా నయం” అనేస్తాం. రెండూ తలుపు వేసేసే మాటలే. “ఎప్పుడు అలా అనిపిస్తుంది?” అని అడిగి ఊరుకోండి. ఎంతసేపు నోరు మూసుకుని ఉండగలిగితే అంత మంచిది. తన మాటల్లో మీ పేరు వస్తే వాదించకండి.

ఇంకొంచెం ముందుకెళ్లి అడగాలనిపిస్తే అడగండి. “నీకెప్పుడైనా బ్రయాన్‌కి అనిపించినట్టు చచ్చిపోవాలనిపించిందా?” అని సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన పిల్లల బుర్రలోకి రాదు. మా చదువులో మాకు మొదట నేర్పేది ఇదే, ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చెప్పేదీ ఇదే. అడిగే గొంతు మామూలుగా ఉండాలి, జవాబు అవునని వచ్చినా ముఖం మారిపోకూడదు. అవునంటే ఆ రాత్రే వదిలిపెట్టకుండా మాట్లాడండి, తనని ఒంటరిగా ఉంచకండి, ఇంట్లో మందులు, ఆయుధాలు ఉంటే తాళం వెయ్యండి, స్కూల్ కౌన్సెలర్‌కీ డాక్టర్‌కీ చెప్పండి. అమెరికాలో 988కి ఏ గంటలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఇది చదివే ఇండియా వాళ్లకి టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. చాలామంది పిల్లల జవాబు లేదనే వస్తుంది. అప్పుడు కూడా ఈ ప్రశ్న మా ఇంట్లో అడగొచ్చు అని ఆ పిల్లకి తెలిసింది కదా, అది చాలా పెద్ద విషయం.

అదే సీన్లో ఇంకో ముక్క ఇంజినీర్లయిన నాన్నలందరూ వినాలి. చేతిపని క్లాసు సులువని, గ్రేడు పెరుగుతుందని తీసుకున్నానని బ్రయాన్ అంటే బెండర్‌కి మండుతుంది, ఎందుకంటే వాడు ఆ క్లాసు పిల్లాడే. త్రికోణమితి లేకపోతే ఇంజినీరింగే లేదని బ్రయాన్ గొప్పగా చెప్తాడు. దీపాలు లేకపోతే వెలుగే లేదు అని బెండర్ తిప్పికొడతాడు. ఆ మాట దగ్గర నాకు ప్రతిసారీ మన ఇళ్లు గుర్తొస్తాయి. ఎలక్ట్రీషియన్ కావాలని ఉందన్న పిల్లాడి ముందు, వాళ్ల అమ్మానాన్నలు ఎవరికైనా తెలిస్తే పరువేం కావాలి అని నా ఎదుటే తల పట్టుకున్న రోజులున్నాయి.

బ్రయాన్ ఇంకో ప్రశ్న కూడా అడుగుతాడు. సోమవారం స్కూలుకి వెళ్లాక మనం స్నేహితులుగానే ఉంటామా? ఉండం అని క్లెయిర్ నిజం చెప్పేస్తుంది, అందరూ ఆమె మీద విరుచుకుపడతారు. మీ అమ్మాయితో మాట మొదలుపెట్టడానికి సినిమా మొత్తంలో ఇంతకంటే మంచి చోటు లేదు. ఎందుకంటే ఇక్కడ తనకి తెలిసినదాంట్లో పదో వంతు కూడా మీకు తెలియదు. మీరు ఈ దేశంలో ఎమ్మెస్ చదివారు, హైస్కూలు చదవలేదు. లంచ్‌లో ఎవరు ఏ టేబుల్ దగ్గర కూర్చుంటారు, మన పిల్లలందరూ ఒకే టేబుల్ దగ్గర ఉంటారా, ఆ టేబుల్లో కూడా ఎవరు లోపల ఎవరు బయట, కొత్తగా ఇండియా నుంచి వచ్చిన పిల్లలని ఇక్కడే పుట్టిన మన పిల్లలు కలుపుకుంటారా, ఇవన్నీ అడగండి. ఆ చివరి ప్రశ్నకి జవాబు మీకు నచ్చకపోవచ్చు. అయినా వినండి. ఇవన్నీ సినిమా అవ్వగానే సోఫాలో అడిగితే పరీక్షలా ఉంటుంది. మర్నాడో ఆ మర్నాడో కార్లో అడగండి, పక్కపక్కన కూర్చుని ఇద్దరూ రోడ్డు చూస్తున్నప్పుడు ఈ వయసు పిల్లలు మాట్లాడినట్టు ఎదురెదురుగా కూర్చుంటే మాట్లాడరు.

ఇంకోటి తను తప్పకుండా గమనిస్తుంది, ఐదుగురూ తెల్లపిల్లలే అని. మీరు చూసినప్పుడు అది మామూలుగా అనిపించి ఉంటుంది, అమెరికా సినిమా అంటే అంతే అని. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లకి అది అలా అనిపించదు. సమర్థించే పని పెట్టుకోకండి, నిజమే అని ఒప్పుకోండి. అందుకే దీని తర్వాత 2004లో వచ్చిన ‘మీన్ గర్ల్స్’ చూడమంటాను, పీజీ-13. లెక్కల పోటీల జట్టు కెప్టెన్ కెవిన్ అనే ఇండియన్ కుర్రాడు అందులో ఉన్నాడు, మా స్కూల్లో మన పిల్లలకి ఇన్నేళ్ల తర్వాత కూడా వాడంటే ఇష్టమే. ఆ సినిమాకి ఆధారం కథల పుస్తకం కూడా కాదు, టీనేజ్ అమ్మాయిల గుంపుల గురించి తల్లిదండ్రుల కోసం రోజలిండ్ వైజ్‌మన్ రాసిన పుస్తకం. మీ ఆవిడకి అది చదవడానికి ఇవ్వండి, సినిమా కంటే ఎక్కువ పనికొస్తుంది.

అమ్మాయికీ ఒక వంతు ఇవ్వండి, తనకి నచ్చిన సినిమా ఒకటి మీకు చూపించమనండి, మీరు ఫోన్ పక్కన పెట్టి మొత్తం చూడండి. మన సినిమాల్లో ఏదైనా చూపించాలనుకుంటే శేఖర్ కమ్ముల 2007లో తీసిన ‘హ్యాపీ డేస్’ ఈ వరసలో బాగా కుదురుతుంది. ఇంజినీరింగ్ కాలేజీ, హాస్టలు, ర్యాగింగ్, మీరు వదిలేసి వచ్చిన ప్రపంచం తనకి తెలుస్తుంది. అందులోనూ సీనియర్లు ఏడిపించేవి, టీచర్ మీద మోజు లాంటివి ఉన్నాయి. ఇంగ్లిష్ సినిమాని అడిగిన ప్రశ్నలే మన సినిమానీ అడగనివ్వండి, మనది కదా అని వెనకేసుకు రాకండి.

చూశాక మీ ఆవిడ ఇంకా గట్టిగా కాదంటే, ముందు 1986 నాటి ‘ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్’తో మొదలుపెట్టండి. అదీ హ్యూస్‌దే, పీజీ-13, షికాగోలో స్కూలు ఎగ్గొట్టి తిరిగిన ఒక రోజు, చాలాచోట్ల హాయిగా నవ్వుకోవచ్చు. ఫెరిస్ అల్లరి చూసి నవ్వుతూనే వాడి స్నేహితుడు కామెరన్ మీద ఒక కన్ను వేసి ఉంచండి. నాన్న కారు ముందు నిలబడి వాడు మాట్లాడే భాగం వచ్చినప్పుడు రిమోట్ ముట్టుకోకండి. ‘సిక్స్‌టీన్ క్యాండిల్స్’ మాత్రం తనకి పదహారో పదిహేడో వచ్చేదాకా పక్కన పెట్టండి, అప్పుడు కూడా మీ ఆవిడ పక్కన ఉండగానే చూడండి.